ఉప్పుకూ చలికీ లొంగని క్రిమి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాంసం నిలవ చేయడం మన ఇళ్లకు కొత్త కాదు. బక్రీదు మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి, నెలల తరబడి తునకల కూర వండుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దానికి దూరపు చుట్టం లాంటిది ఇప్పుడు ప్యాకెట్లలో వస్తోంది. సలామీ అంటారు, సాసేజి అంటారు. కర్మాగారంలోనే ఉప్పు, నైట్రైటు కలిపి, చాలావరకు అక్కడే ఉడికించి పంపుతారు. పొయ్యి వెలిగించే పని లేదు, రొట్టెలో పెట్టుకుని తినడమే. చిక్కంతా అక్కడే ఉంది.

దక్షిణాఫ్రికాలో జరిగింది చెబుతాను. 2017లో అక్కడి ఆస్పత్రుల్లో అప్పుడే పుట్టిన పసికందులకు లిస్టీరియా అనే క్రిమి వల్ల జబ్బు ఎక్కువగా వస్తున్నట్టు వైద్యులు గమనించారు. ఎక్కడినుంచి వస్తోందో నెలల తరబడి తేలలేదు. ఈ క్రిమి ఉన్నది తిన్నాక జబ్బు బయటపడడానికి ఒక్కోసారి రెండు నెలలు పైగా పడుతుంది. రెండు నెలల కిందట ఏం తిన్నావమ్మా అని అడిగితే ఎవరు చెప్పగలరు? 2018 జనవరిలో సొవేటోలోని ఒక శిశువిహారం నుంచి కొందరు చిన్నపిల్లలు జబ్బుపడి ఆస్పత్రికి వచ్చారు. ఒక బిడ్డలో ఈ క్రిమి దొరికింది. ఆ శిశువిహారం ఫ్రిజ్‌లో ఉన్న పొలోనీ అనే మాంసపు ముద్దలోనూ దొరికింది. ఆ దారి పట్టుకుని వెళితే పోలోక్వానేలోని ఒక కర్మాగారం తేలింది. మార్చి 4న ప్రభుత్వం ఆ సంగతి ప్రకటించింది. లెక్క ముగిసేసరికి రోగులు 1060 మంది, చనిపోయినవారు 216 మంది. రోగుల్లో పదింట నాలుగు వంతులు నెల నిండని శిశువులు. ఆ శిశువులు పొలోనీ తినలేదు. తిన్నది తల్లులు. వాళ్లలో చాలామందికి కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు తప్ప మరేమీ తెలిసి ఉండదు.

ఉడికించిన మాంసంలోకి క్రిమి ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. ఉడికినప్పుడు అది చచ్చేమాట నిజమే. ఆ తర్వాత ముక్కలు కోసే యంత్రం నుంచి, తడి నేల నుంచి, మురుగు కాలువ నుంచి మళ్లీ ఎక్కుతుంది. తడి మూలల్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటుంది. నూటికి పది పాళ్ల ఉప్పులో కూడా బతుకుతుంది. ఫ్రిజ్‌లో చాలా క్రిములు ముడుచుకుని కూర్చుంటే ఇది మెల్లమెల్లగా పెరుగుతుంది. నైట్రైటు ప్రధానంగా బొట్యులినం అనే మరో క్రిమికి అడ్డు. దీన్ని పూర్తిగా ఆపలేదు. రంగు మారదు, వాసన రాదు. అందుకే మంచి కర్మాగారాల్లో పచ్చిమాంసం గది వేరు, వండినదాని గది వేరు. కాలువల్లో, యంత్రాల మీద క్రిమి ఉందేమోనని పరీక్షిస్తూనే ఉంటారు. కొందరు ప్యాకెట్టు మూశాక మరోసారి వేడి చేస్తారు.

హలాల్ ముద్ర ఉంది గదా మాస్టారూ అంటారు కొందరు. ఆ ముద్ర ముఖ్యంగా జబహ్ సంగతి చెబుతుంది. ప్యాకింగు గది నేల తడిగా ఉందో పొడిగా ఉందో దాన్ని చూసి మనకు తెలియదు.

గర్భవతులు, వృద్ధులు, చక్కెర వ్యాధి ఉన్నవారు, క్యాన్సరు మందులు వాడేవారు ఈ మాంసాన్ని చల్లగా తినకూడదు. లోపలిదాకా పొగలు కక్కేలా వేడి చేస్తే భయం లేదు. మిగతావారు కూడా విప్పిన ప్యాకెట్టును మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటకూడదు. సీసాలో నీళ్లు చల్లబడితే చాలు, ఫ్రిజ్ బాగుందనుకుంటాం మనం! కరెంటు పోతే ఆ చల్లదనం ఎంతసేపు?

ఇక మన తునకల మాట. వాటిని బాగా ఉడికించాకే తింటాం గనుక లిస్టీరియా బెడద లేదు. వాటి శత్రువు స్టాఫిలోకాకస్. మబ్బు పట్టిన రోజుల్లో, లావు ముక్కలు నిదానంగా ఆరుతూ ఉంటే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం ఎంత ఉడికించినా పోదు. కనుక ముక్క పలచగా కోయాలి, ఉప్పు ప్రతి మడతకూ పట్టాలి, ఎండ గట్టిగా ఉండాలి. బక్రీదు వానల్లో వచ్చిన ఏడాది దండెం కట్టవద్దు. మిగిలిన మాంసం కూడా ఆ రోజే పంచిపెట్టండి.