తాతయ్య పద్మిని: బాగు చేయించాలా? విప్పి అమ్మేయాలా?

నా వెనకాల కనిపిస్తోంది కదా, అది మా తాతయ్య గారి ప్రీమియర్ పద్మిని. 1982 మోడల్. ఒకప్పుడు క్రీమ్ కలర్ అట. ఇప్పుడు ఏ కలరో మీరే చెప్పాలి.

ఇది బందరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. 2004లో తాతయ్య పోయారు, అప్పట్నుంచీ కారు ఈ రేకుల షెడ్డులోనే ఉంది. మా మావయ్య ఏమో "బాగు చేయిద్దాంరా, నేను ఇందులోనే డ్రైవింగ్ నేర్చుకున్నాను" అంటాడు. నిజం చెప్పాలంటే నాక్కూడా అదే ఆశ. రిపేరు మొత్తం మీకు వరసగా ఎపిసోడ్లు చేసి చూపిద్దామనే కెమెరా పట్టుకుని వచ్చాను.

అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. మేమూ అదే చేశాం. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి, రెండు రోజులు వదిలేశాం. తర్వాత టైర్లలో గాలి కొట్టి, టాప్ గేర్‌లో పెట్టి ముందుకీ వెనక్కీ ఊపితే ఇంజన్ తిరిగింది! మావయ్య మొహం చూడాలి మీరు. 1089 సీసీ ఇంజన్, నాలుగు సిలిండర్లు, కార్బ్యురేటర్. పాత మెకానిక్‌కి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ముంబై కుర్లాలో 2000 ప్రాంతంలో పద్మిని తయారీ ఆగిపోయినా, గ్యాస్కెట్లు, బ్రేకు సామాన్లు వెతికితే ఇంకా దొరుకుతాయి.

కానీ ఫ్రెండ్స్, ఇంజన్ తిరిగిందని సంబరపడకండి. అసలు సంగతి కింద ఉంది.

లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. పద్మినికి అలా కాదు. ఫ్లోరు, డోర్ల కింద ఉండే పెట్టె లాంటి పట్టీలు, పిల్లర్లు, అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే దానికి ఛాసిస్. అంటే తుప్పు పట్టింది రేకుకి కాదు, కారు ఎముకలకి. చిన్న అయస్కాంతం తీసుకుని, గీతలు పడకుండా గుడ్డ చుట్టి, డోరు కింద అంతా పెట్టి చూడండి. పట్టుకోని చోట లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. మాకు డ్రైవర్ వైపు జానెడు మేర ఎక్కడా పట్టుకోలేదు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోయింది. సముద్రం గాలి కదా. ఆ తర్వాత జాకీ పెట్టి ఎత్తితే డోరు బిగుసుకుపోయింది, మళ్ళీ మూయలేకపోయాం. బాడీ వంగుతోందని అర్థం.

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక టింకరింగ్ మేస్త్రీని తీసుకొచ్చాం. ఆయన కింద దూరి చూసి, బాడీ ఒక్కదానికే రెండు లక్షల పైన అన్నాడు. ఆ తర్వాత పెయింటు, సీట్లు, వైరింగ్. మేము చూసినవాటిలో తిరుగుతున్న పద్మినే అంతకన్నా తక్కువకి వస్తోంది.

ఇక కాగితాలు. ఆర్సీ 15 ఏళ్ళకి 1997లో అయిపోతే, తాతయ్య ఐదేళ్ళకి రెన్యూ చేయించారు. 2002 తర్వాత లేదు. ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఓనర్ పోతే వారసులు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మేము ఎవ్వరం పెట్టలేదు. వింటేజ్ కింద వీఏ నంబర్ తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. 2021 రూల్ ప్రకారం దానికి 50 ఏళ్ళు దాటాలి. మనది దాటలేదు. పైగా ఆ నంబర్‌తో రోజూ తిరగనివ్వరు.

మావయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ బాధగానే ఉంది. చివరికి విప్పేద్దామనే అనుకున్నాం.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్తాను. డిసైడ్ అవ్వకముందే, ఎవరో అడిగారని మావయ్య కార్బ్యురేటర్, ముందు బంపరు ఇచ్చేశాడు. మొత్తం తీసుకుంటానన్న ఆయన అది చూసి రేటు సగానికి దించాడు. మంచి సామాను ఒక్కొక్కటీ పోతే చివరికి మిగిలే డొక్కుని ఎవరూ ముట్టుకోరు. బాగు చేయించాలన్నా, అమ్మాలన్నా, ముందు తేల్చుకోండి, తర్వాత స్పానర్ పట్టుకోండి. విప్పిన ప్రతిదాన్నీ ఫొటో తీసి, బోల్టులు కవర్లో వేసి పేరు రాయండి.

ఇంకొకటి, ఇది అస్సలు మర్చిపోవద్దు. బండి ఇక పనికిరాదంటే 14 రోజుల్లో ఆర్టీవోకి చెప్పి ఆర్సీ సరెండర్ చేయాలి. లేకపోతే మీ నంబర్, మీ ఛాసిస్ నంబర్ ఇంకో బండి మీద తిరిగే ప్రమాదం ఉంది. బాడీ షెల్‌ని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు, దాచుకోండి.

ముందు అద్దం, మీటరు, గ్రిల్లు, వెనక డోర్లు గుంటూరులో ఒకాయనకి ఇస్తున్నాం. ఆయన పద్మినికి బాడీ గట్టిగా ఉంది, అద్దమే పగిలింది. అది రోడ్డెక్కితే నడిపిస్తానన్నాడు, మావయ్య అప్పుడే డేట్ అడుగుతున్నాడు. స్టీరింగ్ మాత్రం ఇవ్వలేదు, మావయ్య మంచం కింద ఉంది.

అమ్మమ్మ ఏమందో చెప్పలేదు కదూ? భోరున ఏడుస్తుందని భయపడ్డాం. ఆవిడ షెడ్డు వంక ఒకసారి చూసి, "సరేలే, గేదెకి నీడ దొరుకుతుంది" అంది.

రేపు పొద్దున్నే ఇంజన్ దింపుతున్నాం. అదంతా నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను.