గాలి సోకితే ఎర్రబారే పొడి



ముసురు పట్టిన రోజుల్లో ఉప్పు జాడీకి మూత పెట్టడం మరిచిపోతే ఉప్పు చెమ్మగిల్లి ముద్దవుతుంది కదా! ఆ ఉప్పులో క్లోరిన్‌ను తీసేసి, సోడియానికి సెలీనియంతో ముడి వేశామనుకోండి. అది సోడియం సెలెనైడ్. ఇదీ తెల్లటి పొడే. కానీ దీనికి తేమతో పాటు గాలి కూడా గిట్టదు. సీసా మూత తీసి ఉంచితే ఆక్సిజన్ సోకి ఎర్రబారిపోతుంది.

సెలీనియాన్ని 1817లో స్వీడన్‌లో రసాయనవేత్త బెర్జీలియస్ కనిపెట్టాడు. గంధకామ్లం తయారుచేసే చోట అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో దొరికింది. కాలిస్తే ముల్లంగి ఘాటు. మొదట టెల్యూరియం అనుకున్నాడు. కాదని తేలాక, దానికి భూమి పేరుంది గనక దీనికి చంద్రుడి పేరు పెట్టాడు.

ఇక సోడియం సెలెనైడ్ తయారీ. అమ్మోనియా వాయువును సున్నాకు దిగువన 33 డిగ్రీలకంటే చల్లబరిస్తే నీళ్లలా ద్రవమవుతుంది. మన ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అర చల్లదనం దీనికి చాలదు. అందులో సోడియం ముక్క వేస్తే చిక్కటి నీలం రంగు పరుచుకుంటుంది, సిరా ఒలికినట్టు. ఆ నీలంలోకి సెలీనియం పొడిని కొద్దికొద్దిగా వేస్తూ పోవాలి. 46 గ్రాముల సోడియానికి 79 గ్రాముల సెలీనియం లెక్క. సరిగ్గా సరిపోయిన క్షణాన నీలం మాయమై తెల్లటి మడ్డి మిగులుతుంది. చెయ్యి జారి సెలీనియం ఎక్కువైతే మళ్లీ రంగెక్కుతుంది; అప్పుడు తయారైంది పాలీసెలెనైడ్. తర్వాత అమ్మోనియా దానంతటదే ఆవిరైపోతుంది. ఈ పని మొదటినుంచి చివరిదాకా గాలి చొరబడని పాత్రలోనే జరగాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, సెలీనియాన్ని వేరే పదార్థాల్లోకి చేర్చడానికి రసాయనవేత్తలకు ఇది చేతికందే సరుకు.

దీనికి ఆమ్లం తగిలితే మాత్రం హైడ్రోజన్ సెలెనైడ్ అనే విషవాయువు లేస్తుంది. దాన్ని వాసన చూసిన బెర్జీలియస్‌కు కొన్ని గంటలపాటు ముక్కు పనిచెయ్యలేదట. అందుకే ప్రయోగశాలలో ఈ పొడి అంటిన గిన్నెను సింకులో కడగనివ్వరు. అంతకుముందు ఆ తూములో ఎవరు ఏ ఆమ్లం పోశారో!