దొరకలేదనుట వేఱు, లేదనుట వేఱు



హబ్సిగూడకు చేరువనే, తార్నాకలో రాష్ట్ర పురాపత్ర భాండాగారము కలదు. షాజహాను, ఔరంగజేబు చక్రవర్తుల కాలమున దక్కనులో వ్రాయబడిన పత్రములే అందు లక్షన్నరకు పైగా నున్నవి. ఇట్టి భాండాగారములలో పరిశోధకుడు తానై కొట్టులోనికి చొరబడి కట్టలు విప్పరాదు. తనకు కావలసిన దేదియో చీటిపై వ్రాసి యిచ్చును. అధికారి పట్టిక జూచి ఆ పత్రమును తెచ్చి చూపును. కంప్యూటరు భాండాగారములందును నేడీ మర్యాదయే నడచుచున్నది.

పాఠశాలలు, గ్రంథాలయములు తమ పాత కాగితములకు ఛాయాపటములు తీయించి కంప్యూటరులో దాచుకొనుట ఈ దినములలో కలదు. ఆ కంప్యూటరు మన యూర నుండదు. దూరనగరమందలి యొక సంస్థ దానిని రేయింబవళ్లు నడపుచు, అందు కొంత చోటు మనకు అద్దెకిచ్చును. ఆ చోటిని చక్కబెట్టుకొనుటకు ఇచ్చు సాధనమునకు కంట్రోల్ ప్యానెల్ అని పేరు. వానిలో 1996లో అమెరికాలో పుట్టిన సీప్యానెల్ మిక్కిలి ప్రసిద్ధము.

ఈ సాధనమును మనుష్యుడు తెరపై తెఱచి చూడవచ్చును. లేదా, మఱియొక యంత్రము చీటి పంపి ప్రశ్నింపవచ్చును. ఈ చీటీల మర్యాదనే ఏపీఐ అందురు. చీటిలో నుండవలసినవి కొన్నియే: ఏ యంత్రము, ఏ ద్వారము, అడుగువాడెవడు, వాని గుర్తుముద్ర యేది, ఏ శాఖ, ఏ పని, ఏ అర. సీప్యానెల్‌నందు ఆ ద్వారపు సంఖ్య 2083; శాఖ పేరు ఫైల్‌మాన్; పని పేరు లిస్ట్ ఫైల్స్. ప్రత్యుత్తరముగా ఆ అరలోని ప్రతి వస్తువు పేరును, అది కాగితమో, లోపలి అరయో అను విషయమును, దాని పరిమాణమును, కడపట మార్చిన కాలమును వచ్చును. ఆ కాలమును 1970 జనవరి 1 మొదలుకొని సెకండ్లలో లెక్కించి చెప్పును.

ఇంతవరకు సులభమే. చిక్కు ఇకమీద నున్నది. 1962లో ఒకటవ తరగతిలో చేరిన యొక రైతు, వృద్ధాప్య పింఛనునకు వయోనిర్ణయము కావలసి, పాఠశాల ప్రవేశ పట్టికను కోరెననుకొందము. గుమాస్తా ఒక్క చీటి పంపి, "లేదు" అనును. ఆ యొక్క మాటతో ఆ రైతునకు రావలసిన ధనము నిలిచిపోవును. నిజముగా లేదా? నాలుగు విషయములు విచారింపక ఆ మాట పలుకరాదు.

మొదటిది: ఆ చీటి ఒక్క అరను మాత్రమే చూచును, లోపలి అరలలోనికి పోదు. కావున, వచ్చిన జాబితాలోని ప్రతి లోపలి అరకును మరల చీటి పంపవలెను. చూచిన అరలకొక పట్టిక, చూడవలసిన వానికొక పట్టిక వ్రాసికొని, రెండవది శూన్యమగువరకు సాగవలెను. రెండవది: పేరునకు ముందు చుక్క గల వస్తువులు దాగియుండును, చూపుమని ప్రత్యేకముగా కోరిననే కనబడును. మూడవది: ఆ యంత్రములు సాధారణముగా ఇంగ్లీషు పెద్దబడి అక్షరమును, చిన్నబడి అక్షరమును వేఱువేఱుగా నెంచును, ఒక్క అక్షరము మాఱిన పేరే మాఱినది. నాలుగవది ముఖ్యము. ప్రత్యుత్తరములో స్టేటస్ అను చోట 1 ఉన్న పని జరిగినదనియు, 0 ఉన్న జరుగలేదనియు అర్థము. జరిగి, జాబితా శూన్యముగా వచ్చినచో ఆ అరలో ఏమియు లేదు. జరుగకున్నచో ఆ అరను ఎవరును చూడనే లేదు. ఈ రెంటిని ఒక్కటిగా నెంచుట అన్యాయము.

పాఠశాలలో జీవితము గడపినవాడనగుట ప్రవేశ పట్టిక విలువ నాకు తెలియును. అందు పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, కులము, పుట్టిన తేదీ యుండును. అద్దెచోటిలో పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అను అర యొకటి కలదు. ప్రత్యేకమైన కట్టుబాటు చేయనిచో, అందుంచినది లోకమంతకును కనబడును. ఊరి చరిత్ర నందుంచుడు. ప్రవేశ పట్టికను మాత్రము దాని వెలుపలనే యుంచుడు.

గుర్తుముద్ర మాట యొకటి. దీనిని టోకెన్ అందురు. సృష్టించిన క్షణమున ఒక్కమాఱే కనబడును. అప్పుడే వ్రాసి భద్రపఱచుకొనవలెను. అది గలవాడు వెదకుటయే కాదు, మార్చనువచ్చు, తుడిచివేయనువచ్చు. కావున గడువు పెట్టి యిండు. పని ముగిసినవెంటనే రద్దుచేయుడు. పనివాడు ఊరు విడిచిపోయినచో ముద్రను వానివెంట పోనీయకుడు. అద్దె సంస్థ పేరు, గడువు తేదీ, ఏ అరలో ఏమున్నదో తెలుపు పట్టిక, ఇవి కాగితముపై వ్రాయించి ఇద్దఱు పెద్దల యొద్ద నుంచుడు. అసలు పట్టికను మాత్రము పాఱవేయవలదు. అద్దె చెల్లింపక గడువు మీఱినచో ఛాయాపటములు నశించినను, ఆ పుస్తకము మీ బీరువాలో నిలిచియుండును.

రేపు మీ గుమాస్తా "లేదు" అని చెప్పినచో, కోపింపక, "ఏయే అరలు చూచితివి? ప్రతి చీటికిని ప్రత్యుత్తరము వచ్చినదా?" అని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలు వేయుటకు కంప్యూటరు విద్య అక్కఱలేదు.

సెలవు.