మూలనపడిన కారు విలువ



2014లో పశ్చిమ ఫ్రాన్సులోని ఒక షెడ్డులో, పాత పత్రికల కట్టల క్రింద 1961 నాటి ఫెరారీ స్పోర్ట్స్ కారు బయటపడింది. నటుడు అలెన్ డెలాన్ ఒకప్పుడు వాడిన కారది. బాగుచేయకుండానే, 2015లో పారిస్ వేలంలో కోటి అరవై లక్షల యూరోలకు పైగా పలికింది.

అటువంటిది మీ ఇంట ఉన్నదా? ఆత్రపడి తాళంచెవి త్రిప్పకండి. పిస్టన్లు తుప్పుపట్టి బిగిసి ఉండవచ్చు. పాత పెట్రోలు తీసివేసి, ఆయిలు మార్చి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి చూడండి. బ్రేకుల సంగతి చెప్పనే అక్కరలేదు!

మరి బీమా? సాధారణ పాలసీ ఏటేటా తరుగు లెక్కిస్తుంది. విలువ పెరిగే కారుకు అది సరిపోతుందా? నిపుణునిచేత వెల కట్టించి, ఫొటోలు, బిల్లులు చూపి, కంపెనీతో ముందే ఒప్పుకొన్న మొత్తాన్ని పాలసీలో వ్రాయించుకొనండి. మరమ్మతు సాగేకొలదీ ఆ అంకెను మార్పించండి. షెడ్డుకు నిప్పంటుకొంటే కంపెనీ చూసేది ఆ అంకెనే.