బాలమురళిగారి రాగసృష్టి
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉప్పల్, నాచారముల పరిసరమున నున్న మన జవహర్‌నగర్ గ్రంథాలయమునకు నేటితో ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ శుభసమయమున సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు జంకు కలిగినది. నేను గాయకుడను గాను. లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. గురుముఖమున కావ్యములు చదివినవాడనైన గాను. ఈ గ్రంథాలయపు బల్లమీదనే నిఘంటువు ప్రక్కన బెట్టుకొని భారత భాగవతములు కూడబలుకుకొన్నవాడను. అయినను ఒక విషయము చాలకాలముగా నా మనస్సున బరువుగా నున్నది. దానిని మీ యెదుట దింపుకొనుటకు ఇదియే తగిన తావని తలచి ఒప్పుకొంటిని.

సుమారు పదునైదేండ్ల క్రిందటి మాట. మన వార్షికోత్సవమునకు సంగీత కార్యక్రమము కూర్చు పని నాపై బడినది. ఇంటరు చదువుచున్న ఒక బాలుడు నోటుబుక్కు పట్టుకొని వచ్చి, తాను కట్టిన పాటలు సభలో పాడుటకు అనుమతి కోరినాడు. వాటికి స్వరములు కూడ తానే వ్రాసికొన్నాడు. నేను ఒక్క పుటయైనను త్రిప్పి చూడలేదు. “నాయనా, త్యాగరాజస్వామివారి కీర్తనలు వందలుండగా నీవు కట్టిన పాటలెవరికి కావాలి? ముందు పాతవి నేర్చుకో” అంటిని. అతడు మారు పలుకక నోటుబుక్కు సంచిలో పెట్టుకొని వెడలిపోయినాడు. మరల మన గడప త్రొక్కలేదు.

కొన్నాళ్లకు ఈ గ్రంథాలయములోనే మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి జీవితమును గూర్చి చదివితిని. చదివిన కొలది నేనాడిన మాట నాకే ముల్లై గ్రుచ్చుకొన్నది. నేటి ప్రసంగమునకు ఆ మహనీయుని చరిత్రమునే ఎన్నుకొనుటకు కారణమిదియే.

వారు 1930 జూలై 6వ తేదీన కోనసీమలోని శంకరగుప్తము గ్రామమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించెడివారు. పసికందుగా నున్నప్పుడే తల్లిని కోల్పోయిరి. బడి చదువు పెద్దగా సాగలేదు. తండ్రి ఆ బాలుని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి చేతులలో నుంచిరి. ఈ గురుపరంపర గమనింపదగినది. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు పంతులుగారు. అనగా మన బాలుడు త్యాగయ్యగారి నుండి అయిదవ తరమువాడు. ఎనిమిదవ యేట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరీ చేసినప్పుడు, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు మురళీకృష్ణ యను పేరునకు ముందు ‘బాల’ యని చేర్చిరి. ఆ పేరే జీవితాంతము నిలిచినది.

ఇక వారి రచనలను గూర్చి చెప్పెదను. కర్ణాటక సంగీతమున జనకరాగములు డెబ్బదిరెండు. ఈ లెక్క 17వ శతాబ్దమున వేంకటమఖి తన చతుర్దండీప్రకాశికలో కట్టినది. నా వంటి లెక్కల మనిషికి ఇది చూడముచ్చటైన పద్దు. షడ్జ పంచమములు కదలవు. రిషభ గాంధారముల జతలు ఆరు. ధైవత నిషాదముల జతలు ఆరు. ఆరు ఆరుల ముప్పదియారు. మధ్యమములు రెండు గనుక రెండింతలు చేయగా డెబ్బదిరెండు. మన పహాణీలో సర్వే నంబర్ల వలె ప్రతి జనకరాగమునకు ఒక సంఖ్య గలదు. ఒక నంబరు క్రింద బై నంబర్ల వలె జన్యరాగములు గలవు.

బాలమురళిగారు పదునైదేండ్ల ప్రాయము వచ్చునప్పటికే ఈ డెబ్బదిరెండు రాగములను స్వాధీనము చేసికొని, ఒక్కొక్కదానిలో కృతులు రచించిరి. అవి 1952లో జనకరాగ కృతిమంజరి యను పేర వెలువడినవి. వీనిలో చాల రాగములు కచేరీలలో వినబడనివి. పంట పండింపక పేరునకు మాత్రమే లెక్కలలో నున్న భూములవంటివి. ఆ భూములన్నిటిలోను నాగలి సాగించిన యువకునికి అప్పటికి ఇరువదిరెండేండ్లు! ఆ బాలుని నోటుబుక్కు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఈ చోటనే.

పాత భూమి యంతయు దున్నిన పిమ్మట వారు హద్దురాళ్ల నడుమ నున్న బంజరును చూచిరి. రాగమునకు అయిదు స్వరములైన నుండవలెనని పెద్దల మాట. నాలుగింటితో రాగము నిలువదా యని వారు ప్రశ్నించుకొనిరి. షడ్జము, అంతర గాంధారము, పంచమము, కైశిక నిషాదము - ఈ నాలుగింటితో మహతి యను రాగము కూర్చిరి. నారదుని వీణకు మహతి యని పేరు. షడ్జము, శుద్ధ రిషభము, శుద్ధ మధ్యమము, శుద్ధ ధైవతముల తోడ లవంగి కూర్చిరి. సర్వశ్రీలో షడ్జ మధ్యమ పంచమములు మూడే స్వరములు. స్వరములు తగ్గిన కొలది పని సులువగునని తలపరాదు. ఒక స్వరమునకును మరియొక స్వరమునకును దూరము పెరుగును. వాగులో దూరదూరముగా నున్న రాళ్లమీద కాలు మోపుచు దాటువాడు ఎంత మెలకువతో నుండవలెనో గాయకుడును అంత మెలకువతో నుండవలెను.

తాళమునందును వారు క్రొత్తదారి త్రొక్కిరి. తాళములో చప్పుడగు క్రియలకు వేరు నడకను ఇచ్చి త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి యను విధానమును ఏర్పరచిరి. బృందావని, కదనకుతూహలము మొదలగు రాగములలో వారు కట్టిన తిల్లానాలు నేడు నాట్యవేదికలమీదను ప్రసిద్ధములు. వారి రచనలు నాలుగు వందలకు పైబడినవని ప్రతీతి.

ఇంత చేసినవారికి ఆక్షేపణలు తప్పలేదు. రాగమును ఒకరు సృష్టించితిమని చెప్పుకొనుట తగునా యని విద్వాంసులు కొందరు ప్రశ్నించిరి. వీణ ఎస్. బాలచందరుగారు ఈ వాదమున ముందు నిలిచిరి. ఆ వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. హద్దు కాచువాడు లేనిచో పొలము నిలువదు. కాని హద్దు కాచుటయే వ్యవసాయము కాదు గదా! 1975లో వచ్చిన అపూర్వ రాగంగళ్ అను తమిళ చిత్రమున ఎం. ఎస్. విశ్వనాథన్‌గారు మహతి రాగమున ఒక పాటను కూర్చిరి. శాస్త్రచర్చ ఎరుగని సామాన్యులు సైతము ఆ రాగమును విని ఆనందించిరి. విత్తు మొలచినదా లేదా యని చూచుటకు పొలమునకు పోవలెను గాని కాగితములు చూచిన చాలదు.

మరియొక మాట. మనము పాత యని పూజించునది తొలుత క్రొత్తదియే. ఖరహరప్రియకు ఇంతటి ప్రచారము త్యాగరాజస్వామి కృతుల వలననే కలిగినది. ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి బ్యాండు మేళపు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములు రచించిరి. త్యాగయ్యగారి పేరు చెప్పి నేనొక బాలుని వారించితిని. త్యాగయ్యగారే ఆ సభకు వచ్చియుండిన, పాట విన్న పిమ్మటనే తీర్పు చెప్పియుందురు గదా!

బాలమురళిగారి లౌకిక గౌరవములను క్లుప్తముగా చెప్పెదను. విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని కార్యక్రమమునకు రూపు దిద్దిరి. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిరి. వయోలా, వయొలిను, మృదంగము, కంజీర వాయించిరి. 1967లో భక్తప్రహ్లాద చిత్రమున నారదుడై నటించిరి. భీమ్‌సేన్ జోషీ, హరిప్రసాద్ చౌరాసియా వంటి హిందూస్థానీ విద్వాంసులతో జుగల్‌బందీలు చేసిరి. 1978లో సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్సు దేశపు షెవాలియె గౌరవము వారిని వరించినవి. 2016 నవంబరు 22వ తేదీన చెన్నైలో పరమపదించిరి.

ఈ చరిత్రము నుండి నేను గ్రహించినది ఒక్కటే. పాతవి నేర్చుకొమ్మని ఆ బాలునితో అంటిని. ఆ మాట తప్పు కాదు. బాలమురళిగారును డెబ్బదిరెండు రాగములు నేర్చిన పిమ్మటనే మహతిని కూర్చిరి. కాని అతడు పాతవి నేర్చెనో లేదో నేను అడుగనైన లేదు. చూడకయే పద్దు కొట్టివేయుట లెక్కలు వ్రాయువాడు చేయదగిన పని కాదు.

కావున కార్యవర్గమువారికి నా విన్నపము. ఈ రజతోత్సవ చిహ్నముగా మన గ్రంథాలయమున ఒక అలమార ప్రత్యేకింపుడు. మన పరిసరములవారు వ్రాసిన పద్యము, పాట, కథ - అచ్చైనను కాకపోయినను - పుస్తకములతో సమానముగా నమోదు పట్టీలో సంఖ్య వేసి అందుంపుడు. మంచిచెడ్డలు చదువరులు తేల్చుకొందురు. అలమారకు అగు ఖర్చు నేను భరించెదను.

ఆ బాలుడు నేడు ముప్పదియేండ్లు దాటినవాడై యుండును. ఈ మాట అతని చెవిని బడినయెడల, ఆ నోటుబుక్కు తీసికొని రమ్మని వేడుచున్నాను. దానికి ఒకటవ సంఖ్య నా చేతితో వేసెదను. ఈ పర్యాయము ముందు పాట విని, పిమ్మట మాటలాడెదను.