ఫ్రిజ్ పోయింది... ఏ కంపెనీది కొనాలి?

ఇవాళ మనం ఫ్రిజ్ గురించి మాట్లాడుకుందాం. ఫ్రిజ్ గురించి మాట్లాడడానికి ఏముంది అనుకోకండి. మొన్న మే నెలలో మా ఇంట్లో ఫ్రిజ్ పోయింది. మాది విజయవాడ. మే నెలలో ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ పది రోజుల్లో నేను అడగని మనిషి లేడు, ఎక్కని షాపు లేదు. అందరినీ అడిగింది ఒకటే ప్రశ్న, "ఏ కంపెనీ ఫ్రిజ్ ఎక్కువ కాలం వస్తుంది?" అని. చివరికి తెలిసిందేంటంటే, అసలు నేను అడిగిన ప్రశ్నే సరైంది కాదు. ఎందుకు కాదో, దాని బదులు ఏం అడగాలో చెప్తాను.

ముందు జరిగింది చెప్తాను. మా అమ్మకి 72 ఏళ్ళు. షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. రెండు నెలలకి సరిపడా పెన్నులు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉంటాయి. ఒక సోమవారం పొద్దున పాలు విరిగిపోయాయి. ఎండకేమో అనుకున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే పెరుగు పులిసి పొంగిపోయింది. తలుపు తీసి చెయ్యి పెడితే లోపల చల్లదనమే లేదు. లైటు వెలుగుతోంది, మోటారు తిరుగుతూనే ఉంది. "ఎప్పట్నుంచమ్మా ఇలా?" అని అడిగితే, అమ్మ మెల్లిగా "శుక్రవారం నుంచే తేడాగా ఉందే. మొన్ననే కదా పిల్లాడి ఫీజు కట్టారు, మళ్ళీ ఈ ఖర్చు ఎందుకులే అని చెప్పలేదు" అంది.

నాలుగు రోజులు! ఆ వేడి ఫ్రిజ్‌లోనే ఇన్సులిన్ ఉంది. అందులోంచే అమ్మ కొత్త పెన్ను తీసి వాడుతోంది. వెంటనే షుగర్ చూస్తే 300 దాటింది. దానికి ఇన్సులిన్ ఒక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ డాక్టరు గారు ఆ పెన్నులన్నీ పారేసి కొత్తవి తెచ్చుకోమన్నారు. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అలాగని ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. కొత్త పెన్నులు తెచ్చి పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టాం. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్ళు ఉంటే, పాతిక, ముప్పై రూపాయల మాట కాదు కాబట్టి, ఇలాంటప్పుడు ఎవరింట్లో పెట్టాలో ముందే అనుకుని ఉంచుకోండి.

ఇక ఫ్రిజ్ సంగతి. కంపెనీ సర్వీసు నంబరుకి ఫోన్ చేస్తే నాలుగు రోజుల తర్వాత మనిషిని పంపుతామన్నారు. కంపెనీ పేరు చెప్పను. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. ఈలోగా మా వీధి చివర ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. అందరం బాబాయ్ గారనే పిలుస్తాం. ఆయన్ని పిలిచాను.

రెండేళ్ళ కింద ఇదే ఫ్రిజ్‌లో పైన ఐసు బాగా కడుతూ, కింద చల్లదనం రాలేదు. అప్పుడొచ్చిన ఒక మెకానిక్ కంప్రెసర్ పోయిందన్నాడు. బాబాయ్ గారు నవ్వి, "అమ్మాయ్, కంప్రెసర్ పోతే పైన ఐసు ఎలా కడుతుంది?" అన్నారు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లగాలి పైనుంచి కిందికి ఫ్యాను ద్వారా వస్తుంది. ఆ దారిలో పేరుకున్న మంచును కరిగించడానికి చిన్న హీటరు, ఒక సెన్సరు ఉంటాయి. వాటిలో ఏది పోయినా మంచు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది. అప్పుడు ఆయన సెన్సరు మారిస్తే సరిపోయింది, వందల్లో అయిపోయింది.

అందుకని మెకానిక్ రాకముందే మనమే కొంచెం గమనించుకోవచ్చు. లైటు కూడా వెలగకపోతే ముందు ప్లగ్గు, సాకెట్టు చూసుకోండి. లైటు వెలిగి, మోటారు తిరగకుండా కొన్ని నిమిషాలకోసారి టక్కుమని శబ్దం వస్తుంటే, అది రిలేనో, ఓల్టేజీ తక్కువో అయ్యుండొచ్చు. పైన చల్లగా ఉండి కింద లేకపోతే నేను చెప్పిన మంచు సమస్య. మోటారు ఆగకుండా తిరుగుతూ పైనా కిందా రెండూ చల్లబడకపోతే, ఫ్రిజ్ పక్కలు కూడా ఎప్పటిలా వెచ్చగా లేకపోతే, గ్యాసు లీకైందని అనుమానించాలి.

మాది ఈసారి అదే. బాబాయ్ గారు ఒక మాట చెప్పారు, అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. ఫ్రిజ్‌లో గ్యాసు వంటగ్యాసులా వాడితే అయిపోయేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లు వెతక్కుండా ఊరికే గ్యాసు నింపి డబ్బులు తీసుకుంటే, రెండు నెలలకి మళ్ళీ అదే కథ. ఇంకోటి, ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావరకు వాడే ఆర్-600ఎ గ్యాసు మండే గుణం ఉన్నది. అది తెలిసిన మెకానిక్ చేతే చేయించాలి.

ఆయన వెతికి వెతికి, లీకు బయట గొట్టాల్లో లేదు, బాడీ లోపల ఫోము మధ్యలో ఉందని తేల్చారు. పాత ఫ్రిజ్‌లకి వెనకాల నల్లటి జాలీ ఉండేది గుర్తుందా? ఇప్పుడు ఆ గొట్టాలే రేకు లోపల దాచేశారు. చూడ్డానికి బాగుంటుంది, చిల్లుపడితే మాత్రం చేతికి దొరకదు. "తొమ్మిదేళ్ళయింది కదమ్మా, దీనికి ఇంక డబ్బులు పెట్టకు" అన్నారు. ఆయన లెక్క సింపుల్ అండీ. ఎనిమిది తొమ్మిదేళ్ళు దాటి, రిపేరు ఖర్చు కొత్తదాంట్లో సగానికి దగ్గరైతే వదిలేయడమే. సెన్సరు, రిలే, రబ్బరు లాంటివైతే పదిహేనేళ్ళ ఫ్రిజ్‌కైనా చేయించుకోవచ్చు.

సరే, కొత్తది కొనాలి. ఇక్కడ మొదలైంది అసలు గొడవ. మా అన్నయ్య ఒక కంపెనీ అన్నాడు, వాళ్ళింట్లో పన్నెండేళ్ళుగా నడుస్తోందిట. మా పిన్ని అదే కంపెనీ పేరెత్తితే చాలు మండిపడుతుంది, వాళ్ళది మూడేళ్ళకే పోయింది. షాపులో కుర్రాడు ఆరోజు ఏది ఎక్కువ అమ్మాలో అదే మంచిదన్నాడు. అమ్మేమో, "మా నాన్నగారింట్లో ఆల్విన్ ఫ్రిజ్ పాతికేళ్ళు పనిచేసిందే, అలాంటిది ఇప్పుడేదీ?" అంది.

ఆల్విన్ అంటే మన హైదరాబాద్ కంపెనీ. 1942లో మొదలైంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి గడియారాలు కూడా చేసింది. 1990ల్లో ఆ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్ళింది. అదే వోల్టాస్ పేరు మీద ఇవాళ వచ్చే ఫ్రిజ్‌లు టర్కీ కంపెనీ భాగస్వామ్యంతో వస్తున్నాయి. కెల్వినేటర్ సంగతీ అంతే. 1990ల్లో ఫ్యాక్టరీ వర్ల్‌పూల్‌కి పోయింది, పేరేమో వేరే వేరే చేతులు మారింది. 1958 నుంచి ఫ్రిజ్‌లు చేస్తున్న గోద్రెజ్‌నే తీసుకోండి, అప్పటి ఫ్రిజ్ వేరు, ఇప్పటిది వేరు. అంటే తలుపు మీద పేరు అదే ఉన్నా, లోపల వస్తువు అదే అని కాదు.

ఇంకో సంగతి ఉంది. తాతగారి ఆల్విన్ పాతికేళ్ళు నడిచింది కాబట్టి మనకి గుర్తుంది. ఆ రోజుల్లో ఐదేళ్ళకే పాత ఇనుముకి పోయినవి ఎవరికి గుర్తున్నాయి? మిగిలినవాటిని చూసి అన్నీ గట్టివే అనుకుంటాం. పైగా వాటిలో పాడవడానికి ఉన్నవే తక్కువ. ఒక కంప్రెసర్, ఒక థర్మోస్టాట్, ఒక రిలే, గొట్టాలు, ఒక బల్బు. ఇప్పటివాటిలో ఫ్యాను, హీటరు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ బోర్డు, అన్నీ చేరాయి.

నేను బాబాయ్ గారి షెడ్డుకే వెళ్ళి అడిగాను, "మీ దగ్గరికి ఏ కంపెనీవి ఎక్కువ వస్తాయో చెప్పండి, అది కొనను" అని. ఆయన షెడ్డంతా చూపించి, "అన్ని కంపెనీలవీ ఉన్నాయి చూడు. ఎక్కువ అమ్ముడైంది ఎక్కువ వస్తుంది. ఊళ్ళో పది మందే కొన్న కంపెనీది నా దగ్గరికి ఒక్కటీ రాలేదంటే అది గట్టిదని అర్థమా?" అన్నారు. నిజమే కదండీ! నేను ఆ మాటే ఆలోచించలేదు. "పోయే ఫ్రిజ్ ఎలాగూ పోతుందమ్మా. పోయినప్పుడు ఎవరొస్తారు, సామాను దొరుకుతుందా, అది అడుగు" అన్నారాయన.

అదీ అడగాల్సిన ప్రశ్న. నాలుగు రోజులు మనిషి రాకపోతే మా ఇంట్లో ఏం జరిగిందో మీకు చెప్పాను కదా. అప్పట్నుంచి నేను షాపులో అడిగినవి ఇవీ.

మొదటిది, సర్వీసు మన ఊళ్ళో ఉందా? కొనకముందే ఆ సర్వీసు నంబరుకి మీరే ఫోన్ చేసి, మా పిన్‌కోడ్‌కి మనిషి ఎన్నాళ్ళకి వస్తాడని అడగండి. మీ వీధి మెకానిక్‌ని కూడా ఆ మోడల్ బోర్డు, సెన్సరు బయట దొరుకుతాయా అని అడగండి. పల్లెటూళ్ళో ఉండేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

రెండోది, వారంటీ. "పదేళ్ళ వారంటీ" అని పెద్ద స్టిక్కరు ఉంటుంది. అది చాలావరకు కంప్రెసర్‌కి మాత్రమే. మిగతా ఫ్రిజ్‌కి ఎక్కువగా ఒక సంవత్సరమే. పైగా కంప్రెసర్ ఉచితంగా ఇచ్చినా, గ్యాసుకి, పనికి, రాకపోకలకి డబ్బులు ఉండొచ్చు. లోపలి లీకుకి వారంటీ ఉందా, బోర్డుకి ఎన్నాళ్ళు, ఇవి కార్డులో చదివి, లేదంటే బిల్లు మీద రాయించుకోండి. ఇన్వర్టర్ కంప్రెసర్ మంచిదే, కరెంటు తక్కువ తాగుతుంది, శబ్దం తక్కువ. కానీ దాన్ని నడిపేది బోర్డు. ఓల్టేజీ దెబ్బకి కంప్రెసర్ కంటే ముందు పోయేది తరచుగా ఆ బోర్డే.

మూడోది, హంగులు. తలుపుకి నీళ్ళ కొళాయి, టచ్ డిస్‌ప్లే, ఫోనుతో కలిపే సదుపాయం, ఇవన్నీ అవసరమైతే తీసుకోండి. ఎన్ని ఉంటే పాడవడానికి అన్ని ఉన్నట్టే.

నాలుగోది, స్టార్లు. నక్షత్రాలు కాదు, వాటి కింద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అది చూడండి. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి, లెక్కలు మధ్యమధ్యలో మారుస్తుంటారు. ఉదాహరణకి రెండు ఫ్రిజ్‌లకి తేడా 60 యూనిట్లు అనుకుందాం. యూనిట్ 6 రూపాయలైతే ఏడాదికి 360 మిగులుతుంది. ధర తేడా 4,000 ఉంటే అది తిరిగి రావడానికి పదకొండేళ్ళు పైనే. లెక్క వేసుకుని కొనండి.

ఐదోది మన చేతిలో ఉన్నది. గోడకి ఆనించకుండా గాలి ఆడేంత చోటు వదలండి. ఎర్తింగ్ ఉన్న సాకెట్టు విడిగా ఇవ్వండి. ఓల్టేజీ ఎగుడుదిగుడు ఉన్నచోట స్టెబిలైజర్ పెట్టండి. సింగిల్ డోర్ వాళ్ళు ఐసుని చాకుతో పొడవకండి. బాబాయ్ గారి షెడ్డులో అలా చిల్లుపడ్డ ఫ్రీజర్లు నాలుగు చూశాను.

వారంటీ ఉండి కూడా కంపెనీ తిప్పుతుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. దానికి బిల్లు కావాలి, అందుకని బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి.

మరి నువ్వేం కొన్నావు అంటారా? చెప్పనండీ. మాది వచ్చి రెండు నెలలైంది, చక్కగా పనిచేస్తోంది. రెండు నెలల ఫ్రిజ్ ఎవరిదైనా చక్కగానే పనిచేస్తుంది. దాన్ని చూసి మీరు కొంటే నేను మా అన్నయ్య, పిన్ని చేసిన పనే చేసినట్టు. సర్వీసు మనిషి మర్నాటికల్లా వస్తాడని, సామాను బెజవాడలోనే దొరుకుతుందని తేల్చుకుని కొన్నాను, అంతవరకే చెప్పగలను.

ఇంకొకటి కూడా కొన్నాను. చిన్న థర్మామీటరు, ఫ్రిజ్ లోపల అరలో పెట్టేది. రోజూ పొద్దున అమ్మ అది చూసి నాకు చెప్తుంది. "ఇవాళ ఐదుందే" అంటుంది. ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, తేడా వస్తే ఆరోజే చెప్పు అని ఒట్టు వేయించుకున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఆ మాట ఒకసారి చెప్పి ఉంచండి.