వంద మాటల్లో మాయ కథ



1957లో మాయాబజార్ సినిమా వచ్చింది. అందులోని శశిరేఖ పెళ్లి కథ వ్యాసుని భారతంలో లేదు. ఆ పాత్రల మీద ప్రేమతో జనం కొత్తగా అల్లుకున్నదే.

ఇలా అల్లే అభిమానులు వేరే దేశాల్లోనూ ఉన్నారు. 1980లలో ఇంగ్లండులో కొందరు ఒక నియమం పెట్టుకున్నారు. కథ సరిగ్గా వంద మాటలు ఉండాలి. ఒక్కటి పెరగరాదు, తగ్గరాదు. దాన్ని 'డ్రాబుల్' అంటారు.

అంత చిన్న కథ ఎలా రాయాలి? ఘటోత్కచుడు ఎవరో చెప్పనక్కర్లేదు. అందరికీ తెలుసు. అక్కడే బోలెడు మాటలు మిగులుతాయి. ఒక మాయ, ఒక చిక్కు చాలు.

శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు కౌరవుల విడిదిలో ఉన్నాడనుకోండి. తల్లి హిడింబి వెతుక్కుంటూ వచ్చింది. "నా కొడుకును చూశావా అమ్మా?" అని అడిగింది. చెబితే గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే తల్లి ఏడుస్తుంది. ఏం చేస్తాడు? అదే కథ. జవాబు చివరి వాక్యంలో రావాలి.

ముందు రాయండి. తర్వాత లెక్కపెట్టండి. 'చాలా', 'ఎంతో' లాంటివి కొట్టేయండి.

రాయకుంటే నేర్చిన అక్షరం మరుపున పడుతుంది. వంద మాటలకు ఒక్క పేజీ చాలు. ఈ రాత్రే రాయండి. రేపు పదిమందికీ చదివి వినిపించండి.